ఇంటిపేరు కంటే ముందు బొమ్మను చూడండి

సినిమా, గేమ్ చిత్రకళా రంగాల గురించి మన విద్యార్థుల్లో ఒక నమ్మకం బలంగా నాటుకుపోయింది. అక్కడ పట్టా అడగరు, మార్కులు అడగరు, ఎవరి బిడ్డవని అడగరు. షోరీల్ చూసి కొలువిస్తారు అన్నదే ఆ నమ్మకం. ఇది పూర్తిగా అబద్ధం కాదు. చదువు మధ్యలో ఆగిపోయినవారు సైతం, చేతిలో పనితనం ఉంటే, బల్లకు అవతల కూర్చున్నవారిని ఒప్పించిన సందర్భాలు ఈ రంగంలో ఉన్నాయి. అయితే ఆ బల్ల దాకా చేరే దారిలోనూ, చేరిన తర్వాత ఎదురయ్యే ప్రశ్నల్లోనూ కులం ఎక్కడెక్కడ పొంచి ఉంటుందో చెప్పకుండా ఈ నమ్మకాన్ని మాత్రమే పిల్లల చేతిలో పెట్టి పంపడం న్యాయం కాదు.

నేను పదకొండేళ్లు హైదరాబాద్ విజువల్ ఎఫెక్ట్స్ స్టూడియోల్లో పనిచేశాను. ఒక్కొక్క ఫ్రేములో నటుడి అంచును గీసి వెనుక దృశ్యం నుంచి వేరుచేసే రోటో పనితో మొదలుపెట్టి, విడివిడిగా తయారైన పొరలను ఒకే దృశ్యంగా కూర్చే కంపోజిటింగ్ దాకా వచ్చాను. చివరి నాలుగేళ్లు కొత్తవారిని ఎంపిక చేసే బృందాల్లో కూర్చున్నాను. ఇప్పుడు ఆదివారాల్లో సంక్షేమ వసతిగృహాల విద్యార్థులను ఈ కొలువుల ఇంటర్వ్యూలకు సిద్ధం చేస్తున్నాను. బల్లకు రెండు వైపులా కూర్చున్న అనుభవంతోనే ఈ వ్యాసం రాస్తున్నాను.

ఈ పరిశ్రమ మనకు పరాయిది కాదు. 2008లో బుల్లితెర మీదికి వచ్చిన ‘ఛోటా భీమ్’ హైదరాబాద్‌లో పుట్టినదే. 2012 నాటి ‘ఈగ’ స్పెషల్ ఎఫెక్ట్స్‌కు జాతీయ పురస్కారం పొందింది. ‘బాహుబలి’ తర్వాత భారీ తెలుగు చిత్రం ఏదైనా వందల మంది కళాకారులు కంప్యూటర్ల ముందు చేసిన శ్రమ లేకుండా థియేటర్‌కు చేరడం లేదు. విదేశీ చిత్రాలు, గేముల పని కూడా మన నగరానికి వస్తోంది. కానీ ఈ కొలువులు దాదాపుగా అన్నీ ప్రైవేటు రంగంలోనివి. రాజ్యాంగంలోని 16(4) అధికరణం కల్పించిన రక్షణ ప్రభుత్వ ఉద్యోగాల గడప దాటి ఇటు రాదు. కేంద్ర ప్రభుత్వం గ్రూప్-సి ఉద్యోగాలకు, గ్రూప్-బి నాన్ గెజిటెడ్ ఉద్యోగాలకు 2016 జనవరి 1 నుంచి ఇంటర్వ్యూలనే రద్దు చేసింది. మౌఖిక పరీక్షలో పక్షపాతానికి చోటుందన్న అనుమానం ప్రభుత్వానికే కలిగిందన్నమాట. ప్రైవేటు స్టూడియోలో మాత్రం ఆ గదిలో గడిచే నలభై నిమిషాలే సర్వస్వం.

ఆ గది నిష్పాక్షికం కాదనడానికి ఆధారాలు లేకపోలేదు. సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ పత్రికల్లో వచ్చిన ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు ఒకే అర్హతలతో, వేర్వేరు పేర్లతో దరఖాస్తులు పంపి చూశారు. 2007లో ‘ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. అగ్రకుల హిందువు పేరుతో పోలిస్తే దళితుని పేరున్న దరఖాస్తుకు పిలుపు వచ్చే అవకాశం సుమారు మూడింట రెండు వంతులే. ముస్లిం పేరున్న దరఖాస్తుకు మూడింట ఒక వంతే. అదే ఏడాది సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ నియామక అధికారులతో మాట్లాడి మరో సంగతి బయటపెట్టారు. ప్రతిభ ఒక్కటే మా కొలమానమని చెప్పే ఆ అధికారులే అభ్యర్థి ‘కుటుంబ నేపథ్యం’ అడగడాన్ని సర్వసాధారణంగా భావిస్తున్నారు. ఆ అధ్యయనాలు చిత్రకళా స్టూడియోల గురించి చేసినవి కావు. అయినా ‘కుటుంబ నేపథ్యం’ అన్న ఆ రెండు మాటలను నేను స్టూడియో గదుల్లోనూ అనేకసార్లు విన్నాను.

కాబట్టి మన పిల్లల సన్నద్ధత రెండంచెలుగా సాగాలి. ఒకటి పనితనానికి సంబంధించినది. రెండోది ఆ గదికి సంబంధించినది. మొదటిది బలహీనంగా ఉంటే రెండోదాని గురించి మాట్లాడే అవకాశమే దక్కదు గనుక ముందు పనితనం సంగతి చూద్దాం.

షోరీల్ అంటే మనం చేసిన పనుల చిన్న వీడియో. నిమిషం చాలు, మహా అయితే నిమిషంన్నర. పరీక్షకులు ఒకే పూట పదుల సంఖ్యలో రీళ్లు చూస్తారు. తొలి పది సెకన్లలోనే ఒక అభిప్రాయానికి వస్తారు. కనుక అన్నింటికన్నా మంచి పని మొదట రావాలి. పది సాధారణమైన పనుల కంటే మూడు గట్టి పనులు మేలు. బలహీనమైన ఒక్క బొమ్మ మిగిలిన మంచి బొమ్మలను కూడా కిందికి లాగుతుంది; తన తప్పును తాను గుర్తించలేని మనిషి అన్న అనుమానం కలిగిస్తుంది. ప్రతి పని కిందా నువ్వు చేసినదేమిటో, ఇతరులు చేసినదేమిటో, ఏ సాఫ్ట్‌వేర్ వాడావో స్పష్టంగా రాయాలి. నలుగురు కలిసి చేసిన దృశ్యాన్ని నాదేనని చెప్పుకున్నవారు రెండో ప్రశ్నకే దొరికిపోతారు. ఇంటర్నెట్ పాఠాన్ని యథాతథంగా అనుసరించి చేసిన బొమ్మను రీల్‌లో పెట్టకూడదు. అదే కుర్చీని, అదే డోనట్‌ను పరీక్షకులు వందసార్లు చూసి ఉంటారు.

ఏ కొలువుకు వెళ్తున్నామో తెలిసి రీల్ కట్టాలి. కాన్సెప్ట్ ఆర్టిస్టుకు పూర్తయిన ఒక్క అందమైన చిత్రం చాలదు. ఒకే వస్తువుకు అయిదారు ప్రత్యామ్నాయ రూపాలు గీసి, వాటిలో ఒకదాన్నే ఎందుకు ఎంచుకున్నాడో చూపాలి. త్రీడీ మోడలర్ పైపూతతో పాటు వైర్‌ఫ్రేమ్ చూపాలి. గేమ్ కొలువైతే పరిమితమైన పాలిగాన్లతో ఆ రూపాన్ని ఎలా రాబట్టాడో చెప్పగలగాలి. యానిమేటర్ పాత్ర నడకలో బరువు కనిపించాలి. కంపోజిటర్ ముందు ఎలా ఉంది, తర్వాత ఎలా మారింది అన్నది పొరలు పొరలుగా విప్పి చూపాలి. వీటన్నిటికీ మూలం పెన్సిలే. శరీర నిర్మాణం, దూరదృష్టి కోణాలు, వెలుగునీడలు కాగితం మీద పట్టుబడనివారికి ఏ సాఫ్ట్‌వేరూ ఆదుకోదు. యంత్రాలు క్షణాల్లో బొమ్మలు పుట్టిస్తున్న ఈ కాలంలో, తొలి గీత నుంచి తుది రూపం దాకా దశలన్నిటినీ భద్రపరచుకోవడం మరీ అవసరం. ఇది నువ్వే చేశావా అని పరీక్షకుడు అడిగినప్పుడు జవాబు చెప్పేది ఆ చిత్తు గీతలే.

ఇక్కడే ఆస్తి ప్రశ్న వస్తుంది. ఖరీదైన కంప్యూటర్, ఖరీదైన సాఫ్ట్‌వేర్, లక్షల ఫీజు తీసుకునే ప్రైవేటు శిక్షణ కేంద్రం: ఈ మూడూ లేనివారికి ఈ రంగం మూసుకుపోయినట్టే కనిపిస్తుంది. అందులో రెండింటికి కొంత విరుగుడు ఉంది. బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్ 2002లో అందరికీ స్వేచ్ఛగా అందుబాటులోకి వచ్చింది. రూపాయి ఖర్చు లేదు. లాత్వియా దేశానికి చెందిన దర్శకుడు గింట్స్ జిల్బాలోడిస్ అదే బ్లెండర్‌తో తీసిన ‘ఫ్లో’ 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ గెలిచింది. బొమ్మలు గీయడానికి క్రితా ఉచితం. కంపోజిటింగ్ నేర్చుకునేవారికి న్యూక్, ఎఫెక్ట్స్ నేర్చుకునేవారికి హూడినీ వాణిజ్యేతర రూపంలో ఉచితంగా దొరుకుతాయి. శిక్షణ కేంద్రానికి లక్షలు అప్పుచేసి కట్టే ముందు ఈ దారిలో ఆరు నెలలు నడిచి చూడమని మా పిల్లలకు చెబుతుంటాను. మిగిలిన మూడోది, అంటే తగిన కంప్యూటర్, వ్యక్తి పట్టుదలతో వచ్చేది కాదు. అది ప్రభుత్వం తీర్చవలసిన లోటు.

ఇంటర్వ్యూలో మన పిల్లలు ఎక్కువగా తడబడేది ఇంగ్లిష్ దగ్గర. నిజానికి అక్కడ ఎవరూ వ్యాకరణం పరీక్షించరు. ఒక బొమ్మను చూపించి దీన్ని ఎలా చేశావని అడుగుతారు. దానికి జవాబు నాలుగు మెట్లుగా చెప్పడం నేర్పుతున్నాను: ఏ సమస్య ఎదురైంది, ఏ దారులు చూశాను, ఏది ఎంచుకున్నాను, ఇప్పుడైతే ఇంకెలా చేస్తాను. ముందు తెలుగులో, నలుగురి ముందు నిలబడి, గడియారం పెట్టుకుని చెప్పాలి. పారిభాషిక పదాలు ఎలాగూ ఇంగ్లిష్‌వే గనుక, ఆ నాలుగు మెట్లూ తెలుగులో కుదిరాక ఇంగ్లిష్‌లోకి తేవడం పెద్ద పని కాదు. పరీక్షకుడు ఒక లోపం ఎత్తిచూపితే వెంటనే వాదనకు దిగకూడదు, కుంగిపోనూ కూడదు. తరతరాలుగా మన తప్పులు వెతికే కళ్ల ముందు పెరిగినవాళ్లం కాబట్టి విమర్శ వినగానే ఒళ్లు ముడుచుకుంటుంది. స్టూడియోలో మాత్రం విమర్శ రోజువారీ పని. ఒకే దృశ్యం పదిసార్లు వెనక్కి వస్తుంది. దాన్ని వినడం, రాసుకోవడం, సందేహం ఉంటే అడగడం కూడా ఆ గదిలో పరీక్షకు వచ్చే అంశాలే.

రీల్‌లో ఏం ఉండాలన్న ప్రశ్న దగ్గర కులం నేరుగా ఎదురవుతుంది. పాలమూరు వైపు నుంచి వచ్చిన ఒక విద్యార్థి నాకు మూడు త్రీడీ బొమ్మలు చూపించాడు. ఒకటి ఐరోపా కోట, ఒకటి రోబో, ఒకటి లంద. కోట, రోబో ఎవరైనా చేయగలిగినవే. లందలో తంగేడు చెక్క నానిన నీళ్ల రంగు, తడి తోలు మడతల మీద జారే వెలుతురు, పక్కన పడున్న ఆరె పిడి మీద చేతి అరుగుదల, రంపె అంచు మీది మెరుపు అచ్చంగా దిగాయి. అతని తాత ఆ పని చేసినవాడు. రీల్ మాత్రం కోటతో మొదలవుతోంది. లంద అసలు లేదు. లందను మొదట పెట్టమన్నాను. అతను చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘అన్నా, ఇది పెడితే మనం ఎవరమో వాళ్లకు తెలిసిపోదా?’ అన్నాడు.

ఆ ప్రశ్నకు సులువైన జవాబు లేదు. ధైర్యంగా పెట్టు అని చెప్పడం తేలిక. దాని వెల చెల్లించవలసింది చెప్పినవాడు కాదు. దాచుకో అనడం ఇంకా తేలిక. అప్పుడు అతని మంచి పని మూలన పడుతుంది, నాసిరకం కోట అతని ముఖం అవుతుంది. నిర్ణయం నీదే తమ్ముడూ అన్నాను. పెట్టదలిస్తే దాని గురించి పనివాడిలా మాట్లాడటం నేర్చుకొమ్మన్నాను: తడి తోలు మీద వెలుగు ఎలా పరావర్తనం చెందుతుంది, ఆ అరుగుదలను ఎన్ని పొరల టెక్స్చర్లతో సాధించాడు, అసలు వస్తువుల ఫొటోలు ఎలా తీసుకున్నాడు. అతను లందను మొదట పెట్టాడు. ఒక స్టూడియోలో ఇరవై నిమిషాలు ఆ తడి గురించే అడిగారు. టెక్స్చర్ విభాగంలో శిక్షణార్థిగా తీసుకున్నారు. అంతకుముందు వెళ్లిన మరో చోట, ఇది ఎక్కడ చూశావు, మీ వాళ్లు ఏం చేస్తారు అని అడిగారు. సంభాషణ మళ్లీ బొమ్మ దగ్గరకు రాలేదు.

ఒకే బొమ్మ, ఒకే పిల్లవాడు. తేడా అంతా బల్లకు అవతల ఉంది.

మన దృశ్య సంపదను రీల్‌లోకి తెమ్మని నేను చెప్పేది అభిమానం కోసమే కాదు. పరీక్షకులు రోజూ చూసే డ్రాగన్ల మధ్య ఎవరూ చూపని వస్తువు నిలబడుతుంది. దగ్గరగా చూసి, తాకి ఎరిగిన వస్తువును చేసినప్పుడు పనితనమూ లోతుగా ఉంటుంది. చేర్యాల నకాషీలు గీసిన పటం చుట్ట ఒక్కొక్క దృశ్యంగా విప్పుకుంటూ కథ నడిపే పద్ధతి సినిమా స్టోరీబోర్డుకు దగ్గరి చుట్టం. డక్కలివారు మాదిగలకు జాంబపురాణం చెప్పింది, కాకిపడగలవారు ముదిరాజులకు పాండవుల కథ చెప్పింది అటువంటి పటాలతోనే. నిమ్మలకుంట తోలుబొమ్మ కీళ్లు విడివిడిగా కదిలే తీరును గమనించినవారికి, త్రీడీ పాత్రకు ఎముకల చట్రం అమర్చే రిగ్గింగ్ కొత్తగా అనిపించదు. కళ అంతా పైవారిదే, మనది చాకిరీ మాత్రమే అన్న మాటకు ఈ చరిత్రే జవాబు. ఆ జవాబును ఉపన్యాసంలో కాకుండా రీల్‌లో చూపించగలిగే తరం మన కళ్ల ముందుంది.

ఇక గదికి సంబంధించిన సన్నద్ధత. నాన్న ఏం చేస్తారు, మీ ఊళ్లో ఎవరెవరుంటారు, ఇంటిపేరు కొత్తగా ఉందే అన్న ప్రశ్నలు కుశలప్రశ్నల వేషంలో వస్తాయి. వాటికి ముందే జవాబు అనుకుని వెళ్లాలి. అబద్ధం ఆడనక్కరలేదు, చరిత్ర చెప్పనక్కరలేదు. ‘నాన్న కూలి పనికి వెళ్తారు సార్. బొమ్మలు గీయడం నేను బడిలో మొదలుపెట్టాను, ఈ రెండో పనిలో అది కనిపిస్తుంది’ అని ఒక్క వాక్యంలో ముగించి, మాటను తిరిగి తెర మీదికి మళ్లించాలి. ఈ మళ్లింపును కూడా సాధన చేయాలి. ఆడపిల్లలకైతే పెళ్లి, రాత్రి షిఫ్టు, ఇంట్లో అనుమతి గురించిన ప్రశ్నలు అదనం. ‘పని వేళలు, రవాణా సౌకర్యం చెప్పండి మేడమ్, దాన్నిబట్టి చెబుతాను’ అని ప్రశ్నను సంస్థ వైపే తిప్పవచ్చు.

చాలా స్టూడియోలు ఇంటర్వ్యూతో పాటు ఆర్ట్ టెస్ట్ ఇస్తాయి. గంటల్లో ముగిసేదైతే చేయవచ్చు. వారం రోజుల పని ఇచ్చి, డబ్బు మాటెత్తకుండా, అచ్చంగా సినిమాలో వాడుకునే షాట్‌లా ఉన్నదాన్ని చేయమంటే అది పరీక్షా, ఊరికే చేయించుకునే పనా అని అడిగి తెలుసుకోవాలి. కూలి దొరకని వారం అంటే ఏమిటో మన ఇళ్లకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. ఉద్యోగం ఇస్తామంటూ డబ్బు అడిగేవారు ఉద్యోగం ఇచ్చేవారు కారు. అసలు సర్టిఫికెట్లు ఎవరి దగ్గరా వదిలి రాకూడదు. బాండ్ ఉంటే చదివి, నకలు తీసుకుని, మరొకరికి చూపించి సంతకం పెట్టాలి. చివర్లో మీకేమైనా ప్రశ్నలున్నాయా అంటారు. లేవు సార్ అని లేచి రావద్దు. ఒప్పందం ఎన్ని నెలలు, అదనపు గంటలకు చెల్లింపు ఉందా, తెర మీద పేరు పడుతుందా అని అడగాలి. ఈ ప్రశ్నలు పొగరు కావు. ‘లైఫ్ ఆఫ్ పై’ చిత్రానికి 2013 ఫిబ్రవరిలో ఆస్కార్ వచ్చే నాటికి దాని ఎఫెక్ట్స్ చేసిన రిథమ్ అండ్ హ్యూస్ అప్పటికే దివాలా పిటిషన్ వేసి ఉంది. ఆ సంస్థకు హైదరాబాద్‌లోనూ స్టూడియో ఉండేది. 2025 ఫిబ్రవరిలో టెక్నికలర్ కుప్పకూలినప్పుడు బెంగళూరు, ముంబైలలో వేల మంది రోడ్డున పడ్డారు. వెనుక భూమి, పరపతి ఉన్న ఇంటి బిడ్డ ఆరు నెలలు ఆగగలడు. హాస్టల్ నుంచి వచ్చిన బిడ్డ ఒక నెల అద్దె కూడా ఆగలేడు.

వ్యక్తిగత సన్నద్ధత ఎంత గట్టిదైనా, గది మారకపోతే భారమంతా బలహీనుడి భుజాల మీదే మిగులుతుంది. అమెరికాలో సింఫనీ వాద్యబృందాలు 1970ల నుంచి వాయించేవారిని తెర వెనుక కూర్చోబెట్టి, చెవితో మాత్రమే విని తొలి ఎంపిక చేసే పద్ధతిని విస్తృతంగా చేపట్టాయి. కంటితో చూసి తేల్చగలిగిన మన రంగంలో అది ఇంకా సులువు. పేరు, ఊరు, ఫొటో తీసేసి రీల్‌కు ఒక నంబరు వేస్తే చాలు. తొలి వడపోత అలా చేయాలని, అందరికీ ఒకే ప్రశ్నలు వేయాలని, కుటుంబ ప్రశ్నలు మానాలని, ఒక పూట దాటిన పరీక్షకు డబ్బు చెల్లించాలని స్టూడియోలను అడగాలి. తెలిసినవారి సిఫార్సుతో నింపే ఖాళీలను బహిరంగంగా ప్రకటించమనాలి. సిఫార్సు గొలుసు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో మనకు తెలియనిది కాదు. రాయితీలు ఇచ్చి స్టూడియోలను ఆహ్వానించే ప్రభుత్వాలు ఈ షరతులు పెట్టగలవు. గురుకులాల్లో, వసతిగృహాల్లో రాత్రి పూట కూడా తెరిచి ఉండే చిత్రకళా కంప్యూటర్ ల్యాబులు పెట్టగలవు. జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ వంటి ప్రభుత్వ సంస్థల్లో సీట్లు పెంచితే, ప్రైవేటు శిక్షణ కోసం పుస్తెలు తాకట్టు పెట్టే అగత్యం కొందరు తల్లులకైనా తప్పుతుంది.

ప్రైవేటు రంగ రిజర్వేషన్ల పోరాటం సుదీర్ఘమైనది, సాగవలసినది. ఈలోగా ఇప్పటికే లోపలికి చేరిన మనవాళ్లు చేయగలిగిన పని ఒకటుంది. వారానికి ఒక గంట కేటాయించి ఇద్దరు పిల్లల రీళ్లు చూడండి. ఏది తీసేయాలో, ఏది ముందు పెట్టాలో చెప్పండి. పరీక్షకుడి కుర్చీలో కూర్చుని వాళ్లను నలభై నిమిషాలు ప్రశ్నించండి. కుటుంబ నేపథ్యం గురించి కూడా అడగండి, జవాబు తడబడకుండా వచ్చేదాకా అడగండి. రేపు నిజంగా ఆ కుర్చీలో కూర్చునే రోజు మీకు వస్తే, ఆ ప్రశ్న ఒక్కటి మాత్రం అడగకండి.